రేకును అడిగి రంగు కొనండి

(అనంతపురంలో బాడీ షెడ్ల పెయింటర్లకు, టింకర్లకు పెట్టిన శిక్షణలో ఒక సీనియర్ పెయింటర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినోళ్ళు ముందుకు రండప్పా. బల్ల మీద రేకు ముక్కలు పెట్టించినాను. అవి చేత్తో పట్టుకోకుండా నేనెంత మాట్లాడినా గాలికి పోతుంది.

మన దిక్కు ఇప్పుడొక కొత్త పని వస్తాంది. టెంపోలు, స్కూలు బస్సులు, పాల వ్యాన్లు ఎప్పటినుంచో చేస్తానే ఉన్నాం. ఇప్పుడు లోపల మంచం, పొయ్యి, సింకు పెట్టుకొని తిరిగే బండ్లు. క్యారవాన్ అనండి, మోటార్‌హోమ్ అనండి. బెంగళూరు నుంచి గండికోటకో బేలం గుహలకో పిల్లల్తో వచ్చి, రాత్రికి బండిలోనే పడుకొని పోయేటోళ్ళు చేయించుకుంటాండారు. ఈ బండ్లకు ఏఐఎస్-124 అని ఒక ప్రమాణముంది. బండి రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించుకోవాల. అవి ఆర్టీఓ ఆఫీసు సంగతులు, వాటి జోలికి ఈరోజు పోను. నా మాటంతా జీఐ రేకు, అంటే జింకు పూత పట్టించిన ఉక్కు రేకు గురించి, దాని మీద ఫస్టు కోటు గురించి.

ఇదిగో ఈ పెచ్చు చూడండి. అరచెయ్యంత ఉంది. వేరే ఊళ్ళో కట్టిన బండి పైకప్పు నుంచి చేత్తో లాగితే వచ్చింది. గీకింది లేదు, కొట్టింది లేదు. పై పక్క చూడండి, తెల్ల ఎనామిలు, మెరుపు కూడా పోలేదు. తిప్పండి. రెడ్ ఆక్సైడు కనిపిస్తాంది గదా, దాని మీద వేలు రుద్దండి. తెల్ల పొడి అంటుకుంటాంది. రుద్దితే కొంచెం జిడ్డు కూడా తగులుతుంది. బండి ఓనరు ఏమన్నాడంటే, "పెయింటు డూప్లికేటు కొట్టినారన్నా" అని. కాదు. పెయింటు అసలుదే. డబ్బులు సరిగ్గానే పెట్టినారు. కానీ ఇనుముకు వెయ్యాల్సిన దాన్ని జింకుకు వేసినారు.

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ చెప్తాను, నిద్రపోవద్దండి. రెడ్ ఆక్సైడు ప్రైమరు, మామూలు ఎనామిలు, రెండూ నూనె నుంచి తయారైన ఆల్కిడ్ రకం. జీఐ రేకు మీద ఉండేది ఇనుము కాదు, జింకు. ఏ రంగు పొరలోనుంచైనా కాస్త తేమ లోపలికి పోతానే ఉంటుంది. ఆ తేమకు జింకు మీద క్షార గుణముండే పొర ఏర్పడుతుంది. క్షారమూ నూనె కలిస్తే ఏమొస్తుంది? సబ్బు. బట్టల సబ్బు చేసేదీ ఆ పద్ధతిలోనే. పెయింటు అడుగున, రేకుకు ఆనుకొని, జింకు సబ్బు తయారవుతుంది. సబ్బు మీద రంగు నిలుస్తుందా? మొదటి ఆరు నెలలు ఏమీ కాదు, ఓనరు సంతోషంగా ఫొటోలు దిగుతాడు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచినాక పెచ్చులు లేస్తాయి. అందుకే ఈ తప్పు చేసినోడికి చేసినట్టే తెలీదు. బండి అప్పటికి వాని షెడ్డు దాటి పోయింటుంది.

కాబట్టి జీఐ మీద రెడ్ ఆక్సైడు వద్దు. ఎనామిలు నేరుగా వద్దు. ఈ ఒక్క మాట ఇంటికి తీసుకుపోయినా నాకు చాలు. కానీ మీరు సాయంత్రం దాకా కూర్చోవాల్సిందే, భోజనం పెడుతున్నారు గాబట్టి.

ఇప్పుడు రేకు సంగతి. అంగట్లో జీపీ షీటు అంటారు, జీఐ షీటు అంటారు, మన దేశంలో దానికి ప్రమాణం ఐఎస్ 277. కరిగిన జింకు తొట్టిలో, దగ్గర దగ్గర 450 డిగ్రీల వేడిలో, ఉక్కు రేకును ముంచి తీస్తారు. రేకు మీద 120 అనో 275 అనో గుర్తుంటుంది. గేజు కాదు అది. చదరపు మీటరుకు రెండు పక్కలా కలిపి అన్ని గ్రాముల జింకు ఉందని. 275 రేకులో ఒక్కో పక్క జింకు మందం 20 మైక్రాన్లకు కొంచెం తక్కువ, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 120 రేకులో ఎనిమిది, తొమ్మిది మైక్రాన్లు, అంతే. మన తల వెంట్రుక మందంలో పదో వంతు. ఆ పొరే ఉక్కును కాపాడేది. గీత పడినా సరే, పక్కనున్న జింకు తాను కరిగి ఉక్కును తుప్పు పట్టనీదు. ఆ పొరను మనం చేతులారా గ్రైండరుతో లేపేస్తే ఇంక జీఐ కొన్న డబ్బులు దేనికి? 80 నంబరు గరుకు డిస్కు పెట్టి తళతళ మెరిసేదాకా రుద్దే తమ్ముళ్ళు కొంతమంది ఉన్నారు, నాకు పేర్లు తెలుసు, చెప్పను. (నవ్వులు)

మిల్లు నుంచి వచ్చిన కొత్త రేకు ఉత్త జింకుగా రాదు. గోడౌన్లో, లారీలో తెల్ల తుప్పు, అంటే తేమకు జింకు మీద వచ్చే తెల్ల పొడి, పట్టకుండా పల్చగా నూనె పూస్తారు, లేదంటే పాసివేషన్ అని క్రోమియం మందు పెడతారు, కొన్నిట్లో రెండూ ఉంటాయి. నూనె కంటికి కనిపిస్తుంది, వేలికి తగులుతుంది. పాసివేషన్ కనిపించదు. రేకు శుభ్రంగా, మెరుస్తా ఉంటుంది, మనం మోసపోతాం. దాని మీద ఏ ప్రైమరేసినా పట్టు దొరకదు.

కనిపెట్టేదెట్ల? మీ ఇళ్ళల్లో చీనీ తోటలుండేటోళ్ళు చెయ్యెత్తండి. ఊఁ, శానామంది ఉన్నారు. మొదలుకు బోర్డో ముద్ద పూస్తారు గదా, దాంట్లో వేసే మైలుతుత్తం. అది లీటరు నీళ్ళకు 20 గ్రాములు వేసి, ప్లాస్టిక్ సీసాలో కలిపి పెట్టుకోండి. రేకు మీద ఒక చుక్క వెయ్యండి. ఇదిగో, ఈ రెండు ముక్కల మీద వేస్తాను. ఎడమ పక్కది వెంటనే నల్లబడింది. అంటే అక్కడ జింకు విడిగా ఉంది, నీళ్ళల్లోని రాగిని లాక్కుంది. కుడి పక్కది చూడండి... నీలం నీలంగానే ఉంది. దాని మీద ఇంకా పాసివేషన్ పొర ఉంది. ఎడమ ముక్కను నేను స్కాచ్ బ్రైట్‌తో రుద్దినాను, కుడిది రుద్దలేదు. రెండూ ఒకే షీటులోనుంచి కోసినవే. పరీక్ష అయినాక ఆ చుక్క కడిగి, మచ్చ రుద్ది తుడిచెయ్యాల. రాగి అక్కడ మిగిలితే జింకును తింటుంది. కాబట్టి పరీక్షను బానెట్టు మధ్యలో చెయ్యొద్దు, అంచున చెయ్యండి.

కడిగే పని. నన్నడిగితే నూటికి డెబ్బై పాళ్ళు పని ఇదే. స్ప్రే గన్ను పట్టుకున్నోనికి పేరొస్తుంది, గుడ్డ పట్టుకున్నోనికి రాదు, అందుకే కడిగే పని పిల్లోనికి అప్పజెప్తాం. వాడు ఏం చేస్తాడు? డీజిల్లో కాటన్ వేస్టు ముంచి తుడుస్తాడు. డీజిలంటేనే నూనె గదప్పా! కిరసనాయిలూ అంతే. మిల్లు నూనె పోయి మన నూనె చేరింది, ఇంకేం మారింది?

ముందు నీళ్ళల్లో కలిసే డీగ్రీజరు, అంటే జిడ్డు తీసే మందు, ఘాటు తక్కువది. కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు వద్దు, జింకు క్షారానికి కూడా కరుగుతుంది, ఆసిడ్‌కూ కరుగుతుంది. బాత్రూము కడిగే ఆసిడ్ పోసి "భలే తెల్లగా వచ్చిందన్నా" అనేటోళ్ళను చూసినాను. తెల్లగా రాక ఏమైతుంది, జింకే పాయె. మెత్తటి బ్రష్‌తో రుద్ది, కింది నుంచి పైకి పూసి, పైనుంచి కిందికి కడగండి. దాని తరువాత రెండు గుడ్డలు. ఒకటి సాల్వెంటులో తడిపింది, ఒకటి పొడిది. తడి గుడ్డతో తుడిచిన చోటే, అది ఆరేలోపల, పొడి గుడ్డతో ఎత్తెయ్యాల. ఆరనిస్తే జిడ్డు మళ్ళీ రేకు మీదనే పరుచుకుంటుంది. గుడ్డ నల్లబడితే మార్చండి. ఒకే గుడ్డతో బండంతా తుడిస్తే ముందు తలుపు జిడ్డును వెనక తలుపుకు పూసినట్టే.

నీళ్ళ మాట ప్రత్యేకంగా చెప్పాల, ఎందుకంటే మనది అనంతపురం. మన బోరు నీళ్ళు ఎట్లుంటాయో మీ ఇంట్లో బకెట్లకు, ట్యాపులకు పట్టిన తెల్ల చారలు చెప్తాయి. ఆ ఉప్పులే రేకు మీద కూడా ఆరిపోతాయి. పైన ప్రైమరేస్తే ఉప్పు లోపలే ఉండిపోయి, తేమను లాక్కొని, ఏడాదికి బొబ్బలు తెప్పిస్తుంది. చిన్న చిన్న బొబ్బలు, గుంపుగా. బోరు నీళ్ళతోనే కడగండి, తప్పదు. చివరి నీళ్ళు మాత్రం ఆర్వో టిన్ను నీళ్ళు పొయ్యండి. ఒక పెద్ద బండికి రెండు మూడు టిన్నులు పడతాయి. ఓనరు బిల్లులో అది లెక్కే కాదు. పోసినాక ఎండకు ఆరబెట్టొద్దు, గుడ్డతో తుడవండి, లేదంటే కంప్రెసర్ గాలి కొట్టండి. కొట్టేముందు కంప్రెసర్‌కు నీళ్ళు, నూనె పట్టే ఫిల్టరు ఉందో లేదో చూసుకోండి, లేకుంటే కడిగిన పనంతా మళ్ళీ మొదటికే.

కడిగింది చాలా? నీళ్ళే చెప్తాయి. రేకు మీద పోసిన నీళ్ళు తెగకుండా పొరలాగా నిలబడితే జిడ్డు లేదు. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా ఉంది, మళ్ళీ కడగండి.

గీకుడు. 240 నంబరు ఎమరీ పేపరు కానీ 320 కానీ, లేదంటే మెరూన్ రంగు స్కాచ్ బ్రైట్. మెరుపు పోయి బూడిద రంగు మ్యాట్‌గా రావాల, అంతే. అంచుల దగ్గర, మడతల దగ్గర, రివిట్ల చుట్టూ జింకు తొందరగా తెగుతుంది, అక్కడ మిషను వద్దు, చేత్తో రుద్దండి. తెల్ల తుప్పుంటే గట్టి నైలాన్ బ్రష్‌తో తీసెయ్యండి. ఎర్ర తుప్పు కనిపించిందంటే అక్కడ జింకు లేనట్టే, ఆ చోటికి జింకు పొడి ఎక్కువుండే జింక్ రిచ్ ప్రైమరు పూయాల.

వెల్డింగు చేసిన చోట కూడా అంతే. జింకు 907 డిగ్రీలకు ఆవిరైపోతుంది, వెల్డింగు వేడి దానికి ఎంతో మించి. కుట్టు పక్కన జింకుండదు. ఆ తెల్ల పొగ పీల్చి సాయంత్రం చలిజ్వరం తెచ్చుకునే టింకర్లు మీలో ఉన్నారు. మలేరియా అనుకొని రక్తపరీక్షకు పోతారు, మరుసటి రోజుకు తగ్గిపోతుంది. అది జింకు పొగ జ్వరం. పాలు తాగితే ఏం కాదని పెద్దోళ్ళు చెప్తారు, పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుట్టు వేసే చోట ముందే జింకు గీకేసి, ఫ్యాను పెట్టుకొని, పొగకు పనికొచ్చే మాస్కు కట్టుకోండి.

సరే, ప్రైమరు. మనకు రెండు దార్లు. ఒకటి వాష్ ప్రైమరు, ఎచ్ ప్రైమరని కూడా అంటారు. దాంట్లో ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉంటుంది, జింకును పల్చగా కొరికి పట్టుకుంటుంది. ఎంత పల్చగా వెయ్యాల? 8 నుంచి 12 మైక్రాన్లు. వేసినాక అడుగున రేకు కనిపించాల. కనిపించట్లేదని ఇంకో కోటు కొట్టేటోళ్ళే ఎక్కువ. మందంగా పడితే లోపలి ఆసిడ్ పూర్తిగా పనిచెయ్యక మిగిలిపోతుంది, పొర పొరలోనే విడిపోతుంది. ఈ ప్రైమరు ఒంటరిగా బండిని కాపాడదు, అదే రోజు దానిపైన, కంపెనీ దానికి జోడీగా చెప్పిన అసలు ప్రైమరు పడాల.

రెండోది ఎపాక్సీ ప్రైమరు, బేసు, హార్డెనరు కలిపేది. కడుగుడు, గీకుడు సక్రమంగా చేసినోనికి ఇదొక్కటే చాలు, నా ఓటు దీనికే. తేమను ఆపుతుంది, నూనె కాదు కాబట్టి సబ్బు గొడవ లేదు. డబ్బా మీద గాల్వనైజ్డ్‌కు పనికొస్తుందని రాసుందా లేదా చదివి కొనండి.

రెండూ మంచివే గదా, ఒకదాని మీద ఒకటి వేస్తే ఇంకా గట్టిగుంటుంది అనుకుంటారు. ఆసిడ్ ప్రైమరు మీద ఎపాక్సీ సరిగ్గా గట్టిపడకపోవచ్చు. రెండూ ఒకే కంపెనీవై, ఆ కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో వెయ్యొచ్చని రాసుంటే తప్ప ఆ పని చెయ్యొద్దు. లప్పం కూడా ఆసిడ్ ప్రైమరు మీద పెట్టొద్దు. ఉత్త జింకు మీద మామూలు పాలిస్టర్ లప్పమూ వద్దు, పలక పలకగా ఊడుతుంది. ఎపాక్సీ ప్రైమరు వేసి, ఆరినాక గీకి, దాని మీద లప్పం, మళ్ళీ పైన ప్రైమరు. ఒక కోటు ఎక్కువైనా ఆ వరసే సరి.

మన ఎండ. డబ్బా మీద రాసే టైములు 25 డిగ్రీల లెక్కన రాస్తారు. మన ఏప్రిల్, మేలో షెడ్డు లోపలే 40 ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే కలిపిన మందు బతికుండే టైము సగానికి పడిపోతుందని లెక్క. నాలుగు గంటలన్నది గంటంబావుకో గంటన్నరకో గన్నులోనే చిక్కబడుతుంది. థిన్నరు పోసి పలచన చేస్తే అది మళ్ళీ బతకదు, పారబొయ్యండి. కొంచెం కొంచెమే కలుపుకోండి. రేకు వేడి ఇంకో సమస్య. ఎండలో నిలబెట్టిన రేకు గాలికంటే శానా ఎక్కువ కాలుతుంది. అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టలేకపోతే గన్ను తియ్యొద్దు. రంగు రేకుకు తగిలేలోపలే ఆరిపోయి, గరుకు గరుకుగా పొడి పడుతుంది. పొద్దు వాలినాక రేకు చల్లారనిచ్చి కొట్టండి. ఆషాఢంలో మన గాలి సంగతి మీకు చెప్పేదేముంది, ఈ దిక్కు గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు గదా! నాలుగు పక్కలా టార్పాలిన్ కట్టి, నేల తడపండి. చలికాలం తెల్లవారుజామున మంచు పడే టైములో వద్దు. రేకు వేడి, మంచు పట్టే డిగ్రీకంటే కనీసం మూడు డిగ్రీలు పైనుండాల.

ఇంక ఈ ఇంటి బండ్లకు మాత్రమే ఉండే రెండు సంగతులు. బస్సులో మనుషులు కూర్చొని దిగిపోతారు. ఇక్కడ తలుపులన్నీ మూసుకొని వంట చేస్తారు, రాత్రంతా నిద్రపోతారు. ఆ ఆవిరంతా పొద్దున్నకు రేకు లోపలి పక్క నీళ్ళై కారుతుంది. ఫోము అతికించినారు, ప్లైవుడ్ కొట్టినారు, ఇంక లోపల ఏముందో ఎవడు చూస్తాడు? అందుకే ప్యానెలు బిగించకముందే రెండు పక్కలా ప్రైమరు వెయ్యాల. ఒక రేకు మీద ఇంకో రేకు కూర్చునే అంచులకు కూడా. బిగించినాక ఆ సందులోకి ఏ గన్నూ పోదు.

రెండోది సీలెంటు. కిటికీలకు, స్కైలైటుకు, సోలార్ ప్లేటు కాళ్ళకు సిలికాన్ కొట్టే అలవాటుంది. పెయింటు పని పూర్తయ్యేదాకా ఆ ట్యూబును షెడ్డులోకే రానివ్వొద్దు. సిలికాన్ మీద రంగు పట్టదు, దాని జాడ తగిలిన చోటంతా రంగు చేప కళ్ళలాగా గుంటలు పడి విడిపోతుంది. రంగు పడే చోట పీయూ, అంటే పాలీయురెథేన్ సీలెంటు వాడండి, అది కూడా ప్రైమరు మీద. పైకప్పు కదులుతుందని మర్చిపోవద్దు. ఆరు మీటర్ల ఉక్కు రేకు, 40 డిగ్రీల తేడాకు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. రోజూ సాగుతుంది, రోజూ ముడుచుకుంటుంది. అక్కడ గట్టి లప్పం మందంగా పెట్టినోని పని గీతలు గీతలుగా పగులుతుంది.

మాస్కుల గురించి కోపంగానే చెప్తాను. శానా వాష్ ప్రైమర్లలో జింక్ క్రోమేటు ఉంటుంది, అది క్యాన్సరు తెచ్చే మందు. దాన్ని ఎండుగా గీకి ఆ దుమ్ము పీల్చొద్దు. పైన కొట్టే టూకే పీయూ, అంటే రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ రంగు, దాని హార్డెనరులో ఐసోసయనేట్లుంటాయి, ఉబ్బసం తెస్తాయి, ఒకసారి పట్టిందంటే ఆ వాసన తగిలినా ఊపిరాడదు. ముక్కుకు టవలు చుట్టుకుంటే దుమ్ము ఆగుతుందేమో, ఆవిరి ఆగదు. గాలి గొట్టం మాస్కు కొనివ్వమని ఓనర్లను అడగండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

— అన్నా, జీఐని ఏడాది ఎండకు వానకు వదిలేస్తే, ఆ తరువాత ఏ రంగైనా పడుతుందంటారు, నిజమా?

సగం నిజం తమ్ముడూ. ఏడాది, రెండేళ్ళు ఆరుబయట ఉంటే జింకు మీద కార్బనేటు పొర గట్టిగా కుదురుకుంటుంది, దాని మీద పట్టు బాగుంటుంది. పట్టు బాగుంటుందన్నాను, ఎనామిలు వెయ్యమన్నాను అనుకోవద్దు. కానీ ఏ ఓనరు ఆగుతాడు రెండేళ్ళు? ఇంకో సంగతి, విడివిడిగా గాలి తగిలితేనే ఆ పొర వస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి వానలో వదిలేస్తే వచ్చేది తెల్ల తుప్పు.

— మా నాయన వెనిగరుతో కడిగి రంగేసేటోడు. బాగానే ఉండేది.

ఉండొచ్చు. వెనిగరు తేలిక ఆసిడ్, కొంచెం కొరుకుతుంది. కానీ ఎంత కొరికిందో చెప్పలేం, సరిగ్గా కడగకపోతే ఉప్పు మిగులుతుంది. మీ నాయన కడిగిన చెయ్యి మంచిది, వెనిగరు కాదు.

— పాత బండి, పాత రంగు. మొత్తం లేపాల్నా?

ముందు పరీక్ష చెయ్యి. కొత్త బ్లేడుతో అడ్డంగా ఆరు గీతలు, నిలువుగా ఆరు గీతలు, రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో, రేకు తగిలేదాకా. ఇరవై ఐదు గళ్ళొస్తాయి. గట్టి టేపు అతికించి, రుద్ది, ఒక్క ఊపున లాగు. గళ్ళు కదలకపోతే మెరుపు గీకి, ఎపాక్సీ కొట్టి పైకి పో. గళ్ళు టేపుతో పాటు వస్తే మొత్తం లేపాల్సిందే, ఆ మాట ఓనరుకు రేటు మాట్లాడేముందే చెప్పాల. నాలుగైదు చోట్ల చెయ్యి, పైకప్పు మీద రెండు చోట్ల తప్పకుండా. పక్క గోడలు బాగుండి పైకప్పు పాడైన బండ్లే ఎక్కువ. లేపేటప్పుడు కాస్టిక్ స్ట్రిప్పరు మాత్రం వద్దు.

భోజనాలైనాక బయట షెడ్డులోకి రండి. వారం కిందట ప్రైమరేసిన మూడు రేకులు పెట్టినాం, ఒకటి డీజిల్‌తో తుడిచింది, ఒకటి డీగ్రీజరుతో కడిగి గీకింది, ఇంకోటి కడిగి గీకకుండా వదిలేసింది. ఏది ఏదో రాయలేదు. బ్లేడు, టేపు తలా ఒకటి ఇస్తారు, గళ్ళు కోసి మీరే చెప్పండి.